రాష్ట్రం మారినా తెర మారని టాకీసులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు, మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లాలో అధిక భాగమూ, విశాఖపట్నం జిల్లా నుంచి జయపురం జమీందారీ ప్రాంతమూ, పర్లాకిమిడి జమీందారీలో పట్టణంతో కూడిన భాగమూ అందులో కలిశాయి. అదే నెల 28న పూరీలోని లక్ష్మీ టాకీసులో తొలి ఒడియా టాకీ ‘సీతా బిబాహ’ విడుదలైంది. రెండో ఒడియా చిత్రం ‘లలిత’ 1949లో గానీ రాలేదు. ఈ రెండింటి నడుమ గడిచిన పదమూడేళ్లలో ఆ రాష్ట్రంలోని సినిమా హాళ్లు సొంత భాషలో కొత్త చిత్రమన్నది లేకుండానే నడిచాయి. తెలుగులో మాత్రం తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932 ఫిబ్రవరి 6నే వచ్చింది. ఆ తరువాత ఏటా పౌరాణికాలు, జానపదాలు, సాంఘికాలు వస్తూనే ఉన్నాయి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల పాత టాకీసుల చరిత్రను అర్థం చేసుకోవాలంటే ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడడం అవసరం. పరిపాలన కటకానికి మారిన తరువాత కూడా తెర మీద బొమ్మ విజయవాడ, విశాఖపట్నాల నుంచి వస్తూనే ఉండడానికి భాషాభిమానం ఒక్కటే కారణమని చెప్పలేం. హాలును వారం పొడవునా నింపగల చిత్రాలు ఎక్కడ తయారవుతున్నాయి, ఏ రైలు మీద వస్తున్నాయి అన్నవే అసలు ప్రశ్నలు.

ఈ టాకీసుల చరిత్ర ఇప్పటికీ సరిగా నమోదు కాకపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. తెలుగు సినిమా చరిత్ర రాసినవారు మద్రాసు స్టూడియోల నుంచి బెజవాడ గాంధీనగర్ పంపిణీ కార్యాలయాల దాకా వచ్చి ఇచ్ఛాపురం దగ్గర ఆగిపోతారు. ఒడియా సినిమా చరిత్ర రాసినవారికి ముఖ్యమైనవి ఒడియా చిత్రాలు, వాటిని తీసినవారు, వాటిని ఆడించిన కటకం, పూరీ హాళ్లు. ఈ రెండు గ్రంథాల నడుమ, తెలుగు బొమ్మను ఒడిశా గడ్డ మీద దశాబ్దాల పాటు ఆడించిన హాళ్లకు చోటు దొరకలేదు. ఒడిశాలోని తొలి తరం సినిమా హాళ్లలో ఒకటిగా చెప్పుకునే బరంపురం సీతారామ విలాస్ టాకీసు గురించి కూడా తెలుగు పాఠకులకు తెలిసింది చాలా తక్కువ.

టాకీసు రాకముందే ఈ ప్రాంతంలో ప్రదర్శనల సంప్రదాయం బలంగా ఉంది. పర్లాకిమిడి, జయపురం సంస్థానాధీశులు రెండు భాషల్లోనూ సాహిత్యాన్నీ నాటకాన్నీ ఆదరించారు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ స్వయంగా తెలుగు రచయిత, ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు గొప్ప దాత. గిడుగు రామమూర్తి వ్యవహార భాష కోసం వాదించినదీ, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు సమకూర్చినదీ పర్లాకిమిడి జీవితంలోనే. పౌరాణిక నాటకం కోసం రాత్రంతా మేలుకునే అలవాటు, పద్యం వినగానే పాత్రను గుర్తుపట్టే అలవాటు ఉన్న ప్రేక్షకులు అప్పటికే సిద్ధంగా ఉన్నారు. తొలి టాకీలు ఆ నాటకాలకు దగ్గరి చుట్టాలు కావడం వల్ల, వాటిని అర్థం చేసుకోవడానికి కొత్తగా నేర్చుకోవలసింది పెద్దగా ఏమీ లేకపోయింది.

దక్షిణాదిన సినిమా ప్రదర్శన రైలు మార్గాలను పట్టుకునే వ్యాపించింది. 1905లో రైల్వే ఉద్యోగం వదిలి డేరా సినిమాతో ఊరూరా తిరిగిన సామికన్ను విన్సెంట్ మొదలుకొని, 1910ల్లో మద్రాసులో గెయిటీ హాలు కట్టించిన రఘుపతి వెంకయ్య దాకా తొలి ప్రదర్శకుల కథ ఇదే. 1921లో విజయవాడలో మారుతి హాలు వచ్చింది. హౌరా–మద్రాసు రైలు మార్గం మీద ఉన్న బరంపురం ఈ వరుసలో సహజంగానే చేరింది. లోపలి పట్టణాలకు మొదట వచ్చినవి డేరా టాకీసులు. వానలు వెనకబట్టి, పంట చేతికి వచ్చాక మైదానంలో గుడారం లేచేది, తాత్కాలిక లైసెన్సు గడువు తీరగానే మరో ఊరికి కదిలేది. శాశ్వత హాలు కట్టడం అంతకంటే పెద్ద సాహసం. గోడలు, రేకు కప్పు, జనరేటరు, రెండు ప్రొజెక్టర్లు, ఏడాది పొడవునా బొమ్మలు సమకూర్చుకునే ఒప్పందాలు, ఇవన్నీ ఉంటే తప్ప అది నిలబడేది కాదు. అందుకే ఇలాంటి పట్టణాల్లో హాలు కట్టినవారిలో బియ్యం మిల్లుల యజమానులు, బట్టల వర్తకులు, జమీందారీ కుటుంబాలవారు ఎక్కువగా కనిపిస్తారు. రోజూ చేతిలో నగదు ఆడే వ్యాపారం ఉన్నవారే ఆడని బొమ్మ తెచ్చే నష్టాన్ని తట్టుకోగలిగారు.

సినిమా ఊళ్లోకి రావడమంటే ఆ రోజుల్లో అక్షరాలా బరువు మోయడమే. 35 మిల్లీమీటర్ల ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల వేగంతో నిమిషానికి 90 అడుగులు కదులుతుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. మూడు గంటల తెలుగు చిత్రానికి 16,200 అడుగుల ఫిల్ము, అంటే పదహారు పదిహేడు రీళ్లు కావాలి. వీటిని గుండ్రని డబ్బాల్లో పెట్టి, ఆ డబ్బాలను రేకు పెట్టెల్లో సర్ది రైలు పార్సిలుగా పంపేవారు. నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వేసిన చిన్న రైలు 1931లో గుణుపురం దాకా సాగింది. విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూరు వెళ్లే మార్గం కూడా ఆ నాటికి పూర్తయింది. జయపురానికి మాత్రం 1960ల్లో కొత్తవలస–కిరండూల్ మార్గం వచ్చేదాకా సాలూరు ఘాటీ రోడ్డే దిక్కు. ఒక పట్టణంలో తెలుగు బొమ్మ ఎంత త్వరగా పడిందో, ఎన్ని రోజులు ఆడిందో చూడాలనుకుంటే ముందు ఈ దారులను చూడాలి. శుక్రవారం బొమ్మ మారాలంటే పెట్టె గురువారానికైనా స్టేషనులో దిగాలి. గోదావరి మీద వరదో, ఘాటీలో కొండచరియో అడ్డుపడితే పాత బొమ్మే మరో రెండు రోజులు ఆడేది, లేదా ఆట రద్దయ్యేది.

చిన్న కేంద్రాలకు కొత్త ప్రింటు దక్కడం అరుదు. పంపిణీదారు లెక్కలో పెద్ద పట్టణాలు ఎ సెంటర్లు, మధ్యరకం పట్టణాలు బి సెంటర్లు, మిగిలినవి సి సెంటర్లు. పరిమితంగా తీసిన ప్రింట్లు మొదటి రెండు రకాల కేంద్రాల్లో నలిగి, అతుకుల మీద అతుకులు పడ్డాకే మూడో వరుసకు చేరేవి. అప్పటికి తెర మీద వాన కురుస్తున్నట్టు గీతలు పడుతుండేవి, పాట మధ్యలో చరణం ఎగిరిపోయేది. ప్రొజెక్టరు గదిలో ఆపరేటరు పని అంతకంటే కఠినం. రెండు కార్బన్ కడ్డీల నడుమ మండే ఆర్కు వెలుగును నిమిష నిమిషానికీ సరిచేసుకుంటూ, ఒక యంత్రం మీద రీలు ముగుస్తుండగా తెర మూలన క్షణకాలం కనిపించే చుక్క గుర్తును చూసి రెండో యంత్రాన్ని అందుకోవాలి. సురక్షిత ఫిల్ము వాడుకలోకి రాకముందు, అంటే 1950ల ఆరంభం దాకా, నైట్రేటు ఫిల్ము ఎంత సులభంగా అంటుకునేదంటే, ప్రొజెక్టరు గదికి మందపాటి గోడలు, కిటికీలకు దానంతట అది మూతపడే ఇనుప రేకులు ఉండాలని నియమాలు ఖచ్చితంగా చెప్పేవి. కూలిన పాత హాళ్లలో మిగతా గోడలు పోయినా ఆ గది నిలబడి కనిపించడానికి కారణం ఆ కట్టడపు దిట్టదనమే.

హాలు యజమాని రెండు మార్కెట్ల మధ్య బేరమాడేవాడు. హిందీ చిత్రాల పంపిణీలో ఒడిశా కలకత్తా కేంద్రంగా నడిచే తూర్పు సర్క్యూట్‌లో భాగం. బెంగాలీ చిత్రాలూ, తరువాత పెరిగిన ఒడియా చిత్రాలూ కలకత్తా, కటకం కార్యాలయాల నుంచే వచ్చేవి. తెలుగు చిత్రాల వ్యాపారానికి విజయవాడ కేంద్రం. ఒక్కో కార్యాలయానికి ఒక్కో పద్ధతి. కొందరు నికరమైన అద్దెకు ఇచ్చేవారు, కొందరు కనీస హామీ అడిగేవారు, మరికొందరు వసూళ్లలో వాటాకు ఒప్పుకుని తమ ప్రతినిధిని పెట్టెతోపాటు పంపేవారు. ఆ ప్రతినిధి టికెట్ల పుస్తకాల వరుస సంఖ్యలు చూసి, తరగతుల వారీగా లెక్క కట్టి, రోజువారీ వసూళ్ల నివేదిక మీద సంతకం చేసేవాడు. ఇలాంటి నివేదికలు ఎక్కడైనా మిగిలి ఉంటే వాటి విలువ ఇంతని చెప్పలేం. ఏ భాష చిత్రానికి ఏ తరగతి టికెట్లు ఎన్ని తెగాయో చెప్పే పత్రం ఆ పట్టణపు జనజీవితానికి దొరికే అత్యంత నమ్మకమైన సాక్ష్యాల్లో ఒకటి.

చట్టాల విషయంలో సరిహద్దు నిజంగానే గీతలా పనిచేసింది. వినోదపు పన్నుకు ఒడిశాలో 1946 నాటి చట్టం ఆధారం. హాళ్ల లైసెన్సులకు ఒడిశా 1954లో ఒక చట్టం చేస్తే, ఆంధ్ర రాష్ట్రం 1955లో మరొకటి చేసింది. మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న పాతపట్నం, దానికి ఆనుకున్నట్టే ఉండే పర్లాకిమిడి ఈ విధంగా రెండు లైసెన్సు విధానాల, రెండు పన్ను రేట్ల కింద ఉండిపోయాయి. ఒకే చుట్టాలు, ఒకే సంత, ఒకే రైలు ఉన్న ఊళ్లలో ప్రేక్షకులు బొమ్మ ఎక్కడ ముందు పడితే అక్కడికి నడిచి వెళ్లడానికి ఈ చట్టాలు అడ్డురాలేదు. ఇటు హాలుకు అటు హాలే పోటీ. తన ఊళ్లో మరో టాకీసు లేని యజమాని కూడా నిశ్చింతగా ఉండలేకపోవడం సరిహద్దు పట్టణాల ప్రత్యేకత.

హాలు లోపలి ఏర్పాటు మిగతా తెలుగు దేశంలో ఉన్నట్టే ఉండేది. తెరకు దగ్గరగా నేల, దాని వెనక బెంచీలు, ఆ పైన కుర్చీలు, స్తోమత ఉన్నవారికి బాల్కనీ, ఆడవాళ్లకు వేరే కౌంటరు, వేరే వరుస. భేదం ప్రేక్షకుల్లో ఉంది. బరంపురంలో మగ్గం పని చేసే దేవాంగులు, బుఢీ ఠాకురాణి జాతరను ముందుండి నడిపే ఆ కులపు కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, బజారులో ఒడియా మాట్లాడేవారు. పక్క బెంచీ మీద ఒడియా తప్ప మరో భాష రాని రైతు కూర్చునేవాడు. పర్లాకిమిడి, గుణుపురం సంతలకు కొండల నుంచి దిగే సవరలకు రెండు భాషలూ కొంతకొంత అందేవి. కథ రామాయణానిదో భారతానిదో అయితే భాష తెలియనివారికీ ఇబ్బంది ఉండదు, కొత్తగా వచ్చే పాత్ర ఎవరో, తరువాత ఏం జరగబోతుందో అందరికీ తెలిసిందే. మద్రాసు స్టూడియోల్లో పౌరాణికాలు వెలుగుతున్న 1950, 60 దశకాల్లో తెలుగు బొమ్మ ఒడియా ప్రేక్షకులను కూడా నిలుపుకోగలగడానికి ఇదే ప్రధాన కారణమనిపిస్తుంది. సాంఘిక చిత్రాలకు అంత సులువు లేదు. వాటిలో వేగంగా సాగే కోస్తా సంభాషణ, ఇంటి గొడవల్లోని ఎత్తిపొడుపులు భాష వచ్చినవారికే పూర్తిగా అందుతాయి. ఆ చిత్రాలు ఎక్కువ రోజులు ఆడాయంటే ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలు ఎంత దట్టంగా ఉన్నాయో తెలుస్తుంది.

ఈ హాళ్లు చేసిన అతి పెద్ద పని విద్యకు సంబంధించినది. 1936లో రాష్ట్రం మారిన తరువాత కొత్త తరాలు క్రమంగా ఒడియా మాధ్యమంలో చదువుకున్నాయి. ఇంట్లో మాట్లాడే తెలుగు కళింగపు యాసతో, ఒడియా మాటలతో కలిసి సాగేది. తెలుగు అక్షరాలు రానివారికి తెలుగు పత్రికా లేదు, నవలా లేదు. అలాంటివారికి గ్రాంథికపు వాసన ఉన్న పద్యం, కృష్ణా–గోదావరి జిల్లాల మాట, పెళ్లిలో ఆచారంగా పలికే మాట, కోర్టు సన్నివేశంలో వకీలు వాదన, అన్నీ వినిపించింది టాకీసే. తెర మీద పడే పేర్లు చదవలేకపోయినా నటుడి గొంతు పట్టి పేరు చెప్పగలిగేవారు. బడి చేయలేని పనిని నేల టికెట్టు చేసింది అనడంలో అతిశయోక్తి లేదు. సరిహద్దు తెలుగువారు భాషను మూడు నాలుగు తరాల పాటు నిలుపుకోవడానికి పెళ్లి సంబంధాలు, జాతరలు ఎంత తోడ్పడ్డాయో ఈ చీకటి హాళ్లూ అంతే తోడ్పడ్డాయి. భాషా మైనారిటీల గురించి రాసేవారు బడులను, పత్రికలను లెక్కలోకి తీసుకుని టాకీసును వదిలేయడం పెద్ద లోపం.

జ్ఞాపకాలను చరిత్రగా వాడుకునేటప్పుడు కొంత జాగ్రత్త తప్పదు. పెద్దవాళ్లు సంవత్సరాలను సినిమాలతో గుర్తుంచుకుంటారు. ఫలానా బొమ్మ ఆడుతున్నప్పుడు పెద్దమ్మాయి పుట్టింది, ఫలానా బొమ్మ మొదటి ఆట నాడు కొత్త తెర వేశారు అంటారు. ఆ చిత్రం విడుదల సంవత్సరాన్ని పట్టుకుని హాలు చరిత్ర లెక్కగడితే తప్పు జరుగుతుంది. ప్రింటు నెలల తరబడి ఆలస్యంగా వచ్చేది. అంతకంటే ముఖ్యంగా, పాత పౌరాణికాలు ఏళ్ల తరువాత కూడా మళ్లీ మళ్లీ పడేవి. శివరాత్రి జాగారానికి రాత్రంతా రెండు మూడు బొమ్మలు ఆడించడం తెలుగు హాళ్లలో బాగా నిలిచిన ఆనవాయితీ, వాటిలో చాలావరకు పాతవే. కాబట్టి సినిమా పేరు మనకు ఒక హద్దునే ఇస్తుంది, ఆ సంఘటన ఆ సంవత్సరానికి ముందు జరిగి ఉండదని మాత్రమే చెబుతుంది. సాంకేతిక మార్పులు ఇంతకంటే గట్టి ఆధారాలు. 1974లో తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం వచ్చాక చిన్న హాళ్లకు కూడా తెర వెడల్పు చేసి కొత్త లెన్సు బిగించే ఖర్చు తప్పలేదు. తెర కోసం పక్క తలుపు మూసేశారనో, ముందు వరుస నేల తగ్గించారనో ఎవరైనా చెబితే అది ఆ తరువాతి మాటే. ఒకే సంఘటనను ఆపరేటరు, టికెట్లు చింపిన గేటు మనిషి, బయట శనక్కాయలు అమ్మిన కుటుంబం వేరు వేరుగా చెప్పినప్పుడు వాటిని సరిపోల్చి చూస్తే చాలావరకు నిజం తేలుతుంది.

టెలివిజన్ వల్లే టాకీసులు పోయాయన్న మాట తరచుగా వినిపిస్తుంది. సరిహద్దు జిల్లాలకు ఆ మాట సగమే వర్తిస్తుంది. 1980ల మధ్యలో ప్రసార కేంద్రాలు పెరిగి దూరదర్శన్ ఈ పట్టణాలకు చేరినప్పుడు దానిలో వచ్చినవి ఢిల్లీ హిందీ కార్యక్రమాలు, కటకం కేంద్రపు ఒడియా కార్యక్రమాలు. ఆదివారం సాయంత్రం ఇంటింటా చూసిన సినిమా హిందీది. అందువల్ల మొదట దెబ్బతిన్నది హాలులో హిందీ బొమ్మ. తెలుగు కావలసినవారికి టాకీసు తప్ప మరో దారి లేదు, వీడియో క్యాసెట్టు అద్దెకు తెచ్చుకోగలిగినవారు తక్కువ. అసలు మలుపు 1995లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 27న ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి, ఇతర తెలుగు ఉపగ్రహ చానళ్లూ అదే కాలంలో వచ్చాయి. కేబులు తీగ ఉన్న ప్రతి ఇంటికీ రోజూ తెలుగు సినిమా, తెలుగు వార్త, తెలుగు ధారావాహిక చేరాయి. అరవై ఏళ్లుగా టాకీసు ఒక్కటే చేస్తున్న పని పొరుగు రాష్ట్రపు తెలుగువారికి మొదటిసారి ఇంట్లోనే జరగసాగింది. ఆంధ్రలోని హాలు పోగొట్టుకున్నది కొంత వినోద వ్యాపారాన్ని. సరిహద్దు హాలు దానితోపాటు తన ప్రత్యేక అవసరాన్నే పోగొట్టుకుంది.

ఆ తరువాతి కథ దేశమంతటా నడిచిన కథే. 2005 తరువాత ఉపగ్రహం, హార్డ్‌డిస్కుల ద్వారా చిత్రాలు పంపే డిజిటల్ పద్ధతి వచ్చి, పదేళ్లు తిరగకుండానే ఫిల్ము ప్రింటును పూర్తిగా తోసేసింది. కొత్త ప్రొజెక్టరుకు పెట్టుబడి పెట్టలేని హాళ్లు అక్కడితో ఆగిపోయాయి. పెట్టగలిగినవాటికి ఒక మేలు జరిగింది. సి సెంటరు కూడా తొలి రోజే కొత్త బొమ్మ వేయగలిగింది. అప్పటికే పట్టణం నడిబొడ్డున ఉన్న స్థలానికి కల్యాణ మండపంగానో, దుకాణ సముదాయంగానో వచ్చే అద్దె టికెట్ల రాబడిని మించిపోయింది. 2017 జూలై 1 నుంచి వినోదపు పన్ను స్థానంలో జీఎస్టీ వచ్చింది. 2020 మార్చిలో మూతపడిన హాళ్లలో కొన్ని మళ్లీ తలుపులు తెరవలేదు. ఈ తీరానికి తుపానుల బెడద అదనం. 2013 అక్టోబరులో గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2018 అక్టోబరులో పలాస వైపు తీరం దాటి గజపతి జిల్లాను ముంచెత్తిన తిత్లీ, పాత రేకు కప్పుల కట్టడాలను నిలుపుకోవడం ఎంత ఖర్చుతో కూడుకున్నదో చూపించాయి.

మిగిలిన పని నమోదు చేయడం, దానికి పత్రాలు ఎక్కడ ఉండవచ్చో ఊహించడం కష్టం కాదు. 1936కు ముందరి గంజాం, విశాఖపట్నం జిల్లాల రెవెన్యూ, పోలీసు, లైసెన్సు కాగితాలు మద్రాసు ప్రెసిడెన్సీ దస్తావేజుల్లో భాగం కనుక వాటిని చెన్నై ఎగ్మోరులోని రాష్ట్ర ప్రాచీన పత్రాల భాండాగారంలో వెతకాలి. ఆ తరువాతివి భువనేశ్వర్ భాండాగారంలో, జిల్లా కలెక్టరేట్లలో వెతకాలి. ప్లానులు, పన్ను రశీదులు పురపాలక సంఘాల్లో ఉండాలి. ఇక వసూళ్ల నివేదికలు, రెండు లిపుల్లో అచ్చువేసిన కరపత్రాలు, విరామంలో చూపిన గాజు స్లైడ్లు హాలు యజమానుల, పంపిణీ ప్రతినిధుల, పోస్టర్లు రాసిన చిత్రకారుల ఇళ్లలోనే మిగిలి ఉంటాయి, అటకలు ఖాళీ చేసినప్పుడు మొదట పాత కాగితాల కొట్టుకు వెళ్లేవి కూడా అవే. ఇంగ్లీషు, ఒడియా, తెలుగు మూడూ చదవగలిగి, ఫిల్ము యుగంలో ఆ హాళ్లలో పనిచేసినవారిని కలుసుకోగలిగినవారే ఈ పని చేయగలరు. కార్బన్ ఆర్కు మీద పనిచేసిన ఆపరేటర్లు వయసు మీరుతున్నారు కాబట్టి కలెక్టరేటు దస్తాల కంటే ముందు వారి మాటలను రికార్డు చేయాలి.